యాంటీసైకోటిక్ మందులు వాడేటప్పుడు బరువు, షుగర్, కొలెస్ట్రాల్‌ను కనిపెట్టి చూసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్ర మానసిక జబ్బులకు ఇచ్చే యాంటీసైకోటిక్ మందు మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో మనిషి కాస్త ఒళ్లు చేస్తే మన ఇళ్లలో సంతోషిస్తారు. రాత్రిళ్లు నిద్రపోకుండా, అన్నం ముట్టకుండా గడిపిన రోజులను కళ్లారా చూసిన తల్లికి, ఇంకొంచెం పెట్టమని అడిగే కొడుకు కోలుకుంటున్నట్టే కనిపిస్తాడు. ఆ సంతోషంలో నిజం లేకపోలేదు. అయితే ఆ ఆకలిలో కొంత జబ్బు తగ్గడం వల్ల వచ్చినదైతే, కొంత మందు పుట్టించినది. ఈ రెండింటినీ కంటితో చూసి వేరు చేయలేము, కొలిస్తేనే తెలుస్తుంది. ఆ కొలత మొదటి మాత్ర వేసుకోవడానికి ముందే మొదలైతే దాని విలువ వేరు, పది కిలోలు పెరిగాక మొదలైతే వేరు.

తీవ్ర మానసిక వ్యాధులున్నవారు సాధారణ ప్రజల కంటే పది నుంచి ఇరవై ఏళ్ల ముందే చనిపోతున్నారని అనేక దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఆ మరణాల్లో ఆత్మహత్యలకూ ప్రమాదాలకూ వాటా ఉన్నప్పటికీ, ఎక్కువ భాగం గుండెజబ్బుల వంటి శారీరక వ్యాధుల వల్ల జరిగేవే. ఈ నేరమంతా మందులదే అనడం న్యాయం కాదు. యాంటీసైకోటిక్ మందులు పుట్టడానికి చాలా ముందే, 1879లో, ఇంగ్లండుకు చెందిన మానసిక వైద్యుడు హెన్రీ మాడ్స్లీ మతిభ్రమణం ఉన్న కుటుంబాల్లో మధుమేహం తరచుగా కనిపిస్తుందని రాశాడు. పొగతాగడం, కదలిక తగ్గిపోవడం, శారీరక వైద్యం సరిగా అందకపోవడం కూడా కారణాలే. మందు వీటన్నింటి మీద మరింత బరువు మోపుతుంది. అలాగని మందు మానేయడం పరిష్కారం కాదు. మానేసినవారిలో జబ్బు తిరగబెట్టడం చాలా ఎక్కువ, తిరగబెట్టిన ప్రతిసారీ కోలుకోవడం మరింత కష్టమవుతుంది. కాబట్టి మందు కొనసాగుతూనే శరీరాన్ని కాపాడుకునే పద్ధతిని ఇక్కడ అంచెలంచెలుగా వివరిస్తున్నాను. మాత్ర మోతాదును సొంతంగా మార్చడానికి గానీ ఆపడానికి గానీ ఇందులోని ఏ మాటనూ ఆధారం చేసుకోవద్దు.

మొదటి అంచె: వాడుతున్న మందు ఏ వరుసలో ఉందో తెలుసుకోండి

1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్‌తో ఈ మందుల చరిత్ర మొదలైంది. తొలితరం మందులైన హాలోపెరిడాల్ వంటివాటితో ప్రధాన సమస్య వణుకు, కండరాలు బిగుసుకుపోవడం. 1990ల్లో రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్ వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది గానీ, దాని స్థానంలో బరువు, షుగర్ వచ్చి కూర్చున్నాయి. 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ రెండోతరం మందులన్నింటి మీదా మధుమేహం గురించిన హెచ్చరిక ముద్రించాలని కంపెనీలను ఆదేశించింది.

హెచ్చరిక అందరికీ ఒకటే అయినా మందులన్నీ ఒకటి కావు. 1999లో అనేక పరీక్షల ఫలితాలను కలిపి చూసినప్పుడు, పది వారాలు వాడేసరికి క్లోజపిన్‌తో సగటున 4.45 కిలోలు, ఒలాంజపిన్‌తో 4.15 కిలోలు, రిస్పెరిడోన్‌తో 2.10 కిలోలు పెరిగినట్టు తేలింది. జిప్రసిడోన్‌తో పెరుగుదల దాదాపు లేదు. 2005లో వెలువడిన అమెరికా ప్రభుత్వ అధ్యయనం కేటీలో ఒలాంజపిన్ వాడినవారిలో నూటికి ముప్పై మంది తమ బరువులో ఏడు శాతం, అంతకంటే ఎక్కువ పెరిగారు. 2020లో పద్దెనిమిది మందులను పోల్చిన విశ్లేషణ కూడా క్లోజపిన్, ఒలాంజపిన్‌లను అన్నింటికంటే భారమైనవిగా, అరిపిప్రజోల్, బ్రెక్స్‌పిప్రజోల్, కారిప్రజిన్, లురాసిడోన్, జిప్రసిడోన్‌లను తేలికైనవిగా చూపింది. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, క్వెటియాపిన్‌లు ఈ రెండు కొసల మధ్య ఉంటాయి. తొలితరం మందులన్నీ ఈ విషయంలో నిర్దోషులని అనుకోవద్దు. హాలోపెరిడాల్‌తో బరువు తక్కువగా పెరుగుతుంది గానీ క్లోర్‌ప్రోమజిన్‌తో బాగానే పెరుగుతుంది.

చీటీ చూసేటప్పుడు మరో మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. నెలకోసారి వేసే సూదిమందు నోటి మాత్రలాంటిది కాదని చాలామంది అనుకుంటారు; లోపలికి వెళ్లేది అదే మందు కాబట్టి జాగ్రత్తలూ అవే. నిద్ర కోసమని చిన్న మోతాదులో క్వెటియాపిన్ నెలల తరబడి వాడేవారు తమకు మానసిక జబ్బేమీ లేదు కదా అని ఈ పరీక్షలను పట్టించుకోరు, కానీ వారికీ ఇవి అవసరమే. ఇక అదే చీటీలో వాల్‌ప్రోయేట్, లిథియం, మిర్టజపిన్ వంటి ఇతర మానసిక మందులు కూడా ఉంటే అవి తమ వంతు బరువును కలుపుతాయి.

బరువు ఎందుకు పెరుగుతుందో క్లుప్తంగా తెలుసుకుంటే ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి. ఈ మందులు మెదడులోని డోపమైన్‌తో పాటు హిస్టమిన్, సెరటోనిన్ గ్రాహకాల్లో (ఆ రసాయనాల కబురును అందుకునే చోట్లలో) కొన్నింటిని కూడా అడ్డుకుంటాయి. కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందడం అక్కడే దెబ్బతింటుంది. క్లోమంలో ఇన్సులిన్ విడుదలకు తోడ్పడే ఒక గ్రాహకాన్ని కూడా క్లోజపిన్, ఒలాంజపిన్ మూసివేస్తాయి. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు తొమ్మిది రోజులు ఒలాంజపిన్ ఇచ్చి చూసినప్పుడు, బరువు పెరగకుండానే ఇన్సులిన్ పనితీరు మందగించింది. అంటే సన్నగా ఉన్న మనిషికి కూడా షుగర్ రావచ్చు. రెండోసారి అన్నం పెట్టుకున్న మనిషిని తిండిపోతు అనడం, మందు చేసిన పనికి అతన్ని శిక్షించడమే అవుతుంది.

రెండో అంచె: మొదటి మాత్రకు ముందు తీసుకోవాల్సిన లెక్కలు

అమెరికా మధుమేహ సంఘమూ, అక్కడి మానసిక వైద్యుల సంఘమూ కలిసి 2004లో ప్రకటించిన పద్ధతి నేటికీ చాలా ఆస్పత్రుల్లో పునాదిగా ఉంది. దాని ప్రకారం మందు మొదలుపెట్టేముందు వ్యక్తిగత, కుటుంబ చరిత్ర, బరువు, ఎత్తు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్, పరగడుపు కొలెస్ట్రాల్ పరీక్ష ఉండాలి. వీటికి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష), థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు కలిపితే తర్వాత ఏ మందు చేర్చాలన్నా దారి సుగమమవుతుంది.

కుటుంబ చరిత్ర అడిగినప్పుడు తల్లిదండ్రుల దగ్గరే ఆగిపోకండి. మేనమామలు, మేనత్తలు, తాతయ్య నానమ్మల్లో ఎవరికి షుగర్ ఉంది, ఎవరికి నలభై ఏళ్లలోపు గుండెపోటు వచ్చింది, ఇంట్లో ఎవరికైనా గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా అన్నవి చెప్పాలి. పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్న అమ్మాయిల విషయం తప్పక చెప్పాలి, ఎందుకంటే వారిలో ఇన్సులిన్ పనితీరు అప్పటికే మందగించి ఉంటుంది. రెండు మందులు సమానంగా పనిచేస్తాయనుకున్న చోట ఏది ఎంచుకోవాలో వైద్యుడు నిర్ణయించేది ఈ వివరాలను బట్టే.

నడుము కొలవడం సులభంగా కనిపిస్తుంది గానీ చాలాచోట్ల తప్పుగా జరుగుతుంది. ప్యాంటు కట్టుకునే చోట కాకుండా, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, టైలరు టేపును నేలకు సమాంతరంగా చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచిక. బరువు కొలమానం విషయంలోనూ మన లెక్క వేరు: కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి, అంటే 170 సెంటీమీటర్ల ఎత్తుకు, ఆ హద్దులు సుమారు 66.5 కిలోలు, 72 కిలోలు. పాశ్చాత్యుల 25, 30 హద్దులను పట్టుకుని మనవాడు ఇంకా బాగానే ఉన్నాడనుకుంటే మోసపోతాం.

జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు, మనిషిని పట్టుకుని ఆస్పత్రికి తీసుకొచ్చిన రాత్రి, పరగడుపు రక్తం గురించి ఎవరూ ఆలోచించలేరు. అలాంటప్పుడు ఎలాగూ తీసే రక్తంలోనే హెచ్‌బీఏ1సీ చేయించమని అడగండి. దానికి పరగడుపు అవసరం లేదు. రక్తహీనత ఉన్నవారిలో మాత్రం ఆ అంకె తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూడాలి. మొదటి మూడు నాలుగు రోజుల్లో మనిషి కుదుటపడగానే మిగిలిన పరీక్షలు పూర్తిచేస్తే సరిపోతుంది.

మూడో అంచె: మొదటి పన్నెండు వారాలు

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉన్నవారు దీన్ని చదవాలని కోరుకుంటాను. పెరిగే బరువులో పెద్ద భాగం మొదటి నెలల్లోనే చేరుతుంది. మొదటి నెలలోనే ఐదు శాతం పెరిగినవారిలో ఆ తర్వాత కూడా బరువు బాగా పెరిగే అవకాశం ఎక్కువ. చేరిన బరువును దించడం కంటే చేరకుండా ఆపడం ఎన్నో రెట్లు సులువు. అయినా మన దగ్గర ఈ కాలమంతా గొంతులు వినిపించడం తగ్గిందా, నిద్ర పడుతోందా అన్న ప్రశ్నలతోనే గడిచిపోతుంది, బరువు ప్రస్తావన ఆరునెలల తర్వాత బట్టలు పట్టనప్పుడు వస్తుంది.

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని మొదటి పేజీలో మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఆనాటి బరువు, నడుము కొలత రాయండి. ఆ బరువులో ఐదు శాతం ఎంతో లెక్కకట్టి పక్కనే ఎర్రసిరాతో రాసి పెట్టండి: అరవై కిలోల మనిషికి ఆ హద్దు అరవై మూడు. ఆ తర్వాత వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు, తేలికపాటి బట్టలతో, ఒకే తూకంమీద బరువు చూడాలి. ఇంట్లో తూకం లేకపోతే మందుల షాపులోనో దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలోనో ఒకే యంత్రం మీద చూసుకోవచ్చు. రోజూ చూడొద్దు, నీటి వల్ల కలిగే చిన్న హెచ్చుతగ్గులకు కంగారుపడడం తప్ప ప్రయోజనం ఉండదు.

వీలైనంతవరకు ఆ అంకెను రోగే స్వయంగా రాయాలి. అక్కయ్యో వదినో తూకం పక్కన నిలబడి పెదవి విరిస్తే, రెండో వారానికల్లా ఆ మనిషి తూకం ఎక్కడం మానేస్తాడు, మూడో వారానికి మాత్రే మానేస్తాడు. బరువు పెరిగిందన్న అవమానంతో మందు రహస్యంగా పారేసేవారు తక్కువేమీ కాదు, ముఖ్యంగా పెళ్లిసంబంధాలు చూస్తున్న వయసులో ఉన్నవారు. ఆ బాధను కొట్టిపారేయకుండా, దాన్ని వైద్యుడి ముందు నోరు తెరిచి చెప్పే అవకాశం ఇవ్వాలి.

2004 నాటి పద్ధతి నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలకు బరువు, పన్నెండో వారంలో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడమంటుంది. బ్రిటన్ మార్గదర్శకాలు మొదటి ఆరు వారాలు ప్రతి వారం బరువు చూడమంటాయి. నా ఉద్దేశంలో ఇదే మేలు. క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవారికి పన్నెండో వారం దాకా ఆగకుండా నెలకోసారి పరగడుపు షుగర్ చూడడం తెలివైన పని. ఎర్రసిరా హద్దు దాటిన రోజున తర్వాతి అపాయింట్‌మెంట్ రెండు నెలల తర్వాత ఉన్నా దానికోసం ఎదురుచూడక ముందే కలవండి.

నాలుగో అంచె: కంచం దగ్గర

కూడు పెట్టడంలోనే ప్రేమ చూపే ఇళ్లలో తిండి తగ్గించమని చెప్పడం కష్టం. అందుకే తగ్గించడం కంటే మార్చడం గురించి ఆలోచించాలి.

మొదట తాగేవాటిని చూడండి, ఎందుకంటే మిగతా మార్పులన్నీ కలిపినంత లాభం ఇక్కడే రావచ్చు. వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వంటి మాత్రల వల్ల నోరు పిడచకట్టుకుపోతుంది, లిథియం దాహం పుట్టిస్తుంది. ఆ దాహానికి కూల్‌డ్రింకు అలవాటైతే, ఆరువందల మిల్లీలీటర్ల సీసాలో సుమారు 60 గ్రాముల చక్కెర, అంటే పన్నెండు టీస్పూన్లు, ఒక్కసారిగా లోపలికి పోతుంది. రోజుకు ఐదుసార్లు రెండేసి చెంచాల చక్కెరతో టీ తాగితే దాదాపు అంతే అవుతుంది. పల్చటి మజ్జిగ, నిమ్మకాయ పిండి చక్కెర వేయని నీళ్లు, మామూలు నీళ్లు ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంచండి. పండ్లరసం కూడా కూల్‌డ్రింకు కోవలోకే వస్తుంది; పండును పండుగా తింటే చాలు. లిథియం వాడేవారు మాత్రం నీళ్లనూ ఉప్పునూ ఒక్కసారిగా తగ్గించకూడదు, రక్తంలో లిథియం పెరిగి విషమిస్తుంది.

తర్వాత అన్నం. కంచంలో సగం కూర, పావు భాగం పప్పు, గుడ్డు, చేప, చికెన్ వంటి మాంసకృత్తులు, పావు భాగం అన్నం అన్న కొలత అందరికీ తెలిసిందే. దాన్ని ఆచరణలో పెట్టాలంటే వడ్డించే వరుస మార్చాలి. కూర, పప్పు ముందుగా కొంత తిని, ఆ తర్వాతే అన్నం కలుపుకుంటే మారు వడ్డించుకోవాలన్న కోరిక కొంత తగ్గుతుంది. అన్నం గిన్నెను వంటింట్లోనే ఉంచి, కూర గిన్నెను మాత్రం కంచాల దగ్గర పెట్టండి. అన్నం బదులు జొన్నరొట్టె, రాగిసంకటి తింటే ఎంత తిన్నా ఫరవాలేదన్న నమ్మకం ఈమధ్య బాగా ప్రబలింది. వాటిలో పీచు ఎక్కువన్నది నిజమే. కానీ రెండు పెద్ద సంకటి ముద్దలు పెద్ద కంచెడు అన్నానికి ఏమాత్రం తీసిపోవు.

రాత్రి మాత్ర వేసుకున్న గంటలో ఎగసిపడే ఆకలి ఈ మందుల ప్రత్యేకత. పదింటికి లేచి బిస్కెట్ల డబ్బా, మిక్స్‌చరు పొట్లం ఖాళీ చేసేవారు పగలంతా మితంగానే తినవచ్చు. వంటింటికి తాళం వేయడం తప్పు, అది మనిషిని కించపరుస్తుంది, దొంగతనంగా తినడం నేర్పుతుంది. ఆ డబ్బాలే ఇంట్లోకి రాకుండా చూసుకోవడం సరైన పద్ధతి, అందుకు ఇంటిల్లిపాదీ మారాలి. ఆ ఆకలి వేళకు వేయించిన శనగలో, ఉడికించిన పెసలో, దోసకాయ ముక్కలో, ఒక గుడ్డో సిద్ధంగా పెట్టండి. రాత్రి భోజనాన్నే కొద్దిగా ఆలస్యం చేసి, మాత్ర వేసుకోగానే పడుకునే ఏర్పాటు చేసుకుంటే కొందరికి ఈ ఆకలి తెలియకుండానే గడిచిపోతుంది. అయితే మాత్ర సమయం మార్చేముందు వైద్యుడిని అడగాలి.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, అది చాలా చీటీల మీద కనిపించదు. లురాసిడోన్‌ను కనీసం 350 కేలరీల ఆహారంతో, జిప్రసిడోన్‌ను సుమారు 500 కేలరీల ఆహారంతో వేసుకోకపోతే మందు సరిగా ఒంటబట్టదు. బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేసి ఈ మాత్రలు వేసుకునేవారిలో జబ్బు తిరగబెడితే మందు పనిచేయలేదన్న నింద మందు మీద పడుతుంది. ఏకాదశి ఉపవాసాలు, దీక్షలు, రంజాన్ రోజాలు పాటించేవారు ఈ కారణంగానే ముందుగా వైద్యుడికి చెప్పి మాత్రల వేళలు సరిచేసుకోవాలి.

ఐదో అంచె: నడక, పొగ

వారానికి 150 నిమిషాల నడక అన్నది అందరికీ చెప్పే మాట. అయితే ఉత్సాహం చచ్చిపోవడం స్కిజోఫ్రీనియా లక్షణాల్లోనే ఒకటి, దానికి మందు మత్తు తోడవుతుంది. ఇలాంటివారికి నడవమని చెప్పడం వల్ల ఏమీ కాదు, తోడు వెళ్లాలి. ఉదయం మత్తు వదలనివారు సాయంత్రం నడవాలి. పది నిమిషాలతో మొదలుపెట్టి, పాలప్యాకెట్టుకో కూరగాయలకో గుడికో వెళ్లే పనితో ముడిపెడితే అది నిలబడుతుంది.

బీడీ, సిగరెట్ మానడం గుండెకు అన్నింటికంటే పెద్ద మేలు. కానీ క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవారు మానేముందు వైద్యుడికి చెప్పి తీరాలి. పొగలోని రసాయనాలు కాలేయంలో ఈ మందులను త్వరగా కరిగించేస్తాయి; పొగ ఆగిపోగానే అదే మోతాదుకు రక్తంలో మందు పెరిగి మత్తు, చొంగ కారడం, క్లోజపిన్‌తోనైతే ఫిట్స్ దాకా రావచ్చు. ఆస్పత్రిలో చేరి పొగకు దూరమైన వారాల్లోనూ, ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెట్టిన వారాల్లోనూ మోతాదు తారుమారయ్యేది ఇందువల్లనే.

ఆరో అంచె: రిపోర్టు చదవడం

పరగడుపు షుగర్ 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు ముందస్తు మధుమేహం, 126 లేదా అంతకు మించి రెండుసార్లు వస్తే మధుమేహం. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు మధ్యస్థం, 6.5 నుంచి మధుమేహం. ల్యాబులు ఈ అంకెల పక్కన నక్షత్రం గుర్తు పెట్టకపోయినా మొదటి రిపోర్టుతో పోల్చి చూడండి. 84 ఉన్న షుగర్ మూడు నెలల్లో 99కి చేరితే ఆ కాగితం మామూలు అనే చెబుతుంది, కానీ పెరిగిన తీరు మామూలుది కాదు.

నడుము కొలత పైన చెప్పిన హద్దు దాటడం, రక్తంలోని ఒక రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన ఉండడం, మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) మగవారిలో 40, ఆడవారిలో 50 కంటే తక్కువ ఉండడం, బీపీ 130/85 లేదా ఆపైన ఉండడం, పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన ఉండడం అన్న ఐదింటిలో మూడు కలిస్తే, గుండెజబ్బు, షుగర్ ముప్పును పెంచే ఆ స్థితిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంది కాబట్టి ఆ అంకెకు వెంటనే చికిత్స కావాలి.

ఏడో అంచె: వైద్యుడి దగ్గర ఏమి అడగాలి

తిండి, నడక మారినా హద్దు దాటితే ఎవరినీ తప్పుపట్టకుండా తర్వాతి దారుల గురించి అడగాలి. మొదటిది మందు మార్చడం. ఒలాంజపిన్ నుంచి అరిపిప్రజోల్ వంటి తేలికైన మందుకు మారితే కొందరిలో బరువు, కొవ్వు తగ్గుతాయి. కానీ ఎంతో కష్టం మీద కుదుటపడిన మనిషిలో మార్పు జబ్బును కదిలించే ప్రమాదం ఉంది. కాబట్టి ఒకదాన్ని తగ్గిస్తూ మరొకదాన్ని పెంచుతూ వారాల మీద మార్చాలి, ఆ వారాల్లో పరీక్షలు, పెళ్లి, కొత్త ఉద్యోగం వంటివి లేకుండా చూసుకోవాలి. వేరే ఏ మందుకూ లొంగని జబ్బుకు క్లోజపిన్ ఇచ్చినట్టయితే మార్చే మాట సాధారణంగా ఉండదు. దాన్ని హఠాత్తుగా ఆపితే జబ్బు ఉప్పెనలా తిరిగొస్తుంది. అలాంటివారికి క్లోజపిన్‌కు కొద్ది మోతాదు అరిపిప్రజోల్ జతచేయడం ఒక మార్గం.

రెండోది మెట్‌ఫార్మిన్. ఇది షుగర్ మాత్ర కదా, నాకు షుగర్ లేదు కదా అని భయపడవద్దు. యాంటీసైకోటిక్‌ల వల్ల పెరిగే బరువును అదుపు చేయడంలో దీనికి ఉన్నంత ఆధారం ఇంత చవకైన మరో మందుకు లేదు. ఫలితం నాటకీయంగా ఉండదు, సగటున మూడు కిలోల వరకు ఉంటుంది. అయితే బరువు చేరాక ఇవ్వడం కంటే మొదట్లోనే ఇవ్వడం మేలన్న ఆలోచన ఇప్పుడు బలపడుతోంది, 2024లో వెలువడిన ఒక అంతర్జాతీయ మార్గదర్శకం క్లోజపిన్, ఒలాంజపిన్ వంటివాటితో పాటే దీన్ని మొదలుపెట్టడాన్ని సిఫారసు చేసింది. సాధారణంగా 500 మిల్లీగ్రాములతో ఆరంభించి నెమ్మదిగా పెంచుతారు. వికారం, విరేచనాలు మొదటి వారాల్లో సహజం, భోజనంతో వేసుకుంటే తగ్గుతాయి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి, మద్యం ఎక్కువగా తాగేవారికి ఇది తగదు. ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు కాబట్టి శాకాహారులు ఆ పరీక్ష అడగాలి.

మూడోది ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1 రకం సూదిమందులు. క్లోజపిన్, ఒలాంజపిన్ వాడుతూ బరువు పెరిగినవారికి లిరాగ్లుటైడ్ ఇచ్చిన 2017 నాటి పరీక్షలో, పదహారు వారాల్లో ఉత్తుత్తి సూది తీసుకున్నవారి కంటే ఐదు కిలోలకు పైగా తగ్గారు. మెట్‌ఫార్మిన్ కంటే ఇవి బలమైనవి, కానీ ఖర్చు వేరు, ఆపితే బరువు తిరిగి వస్తుంది. అమెరికాలో 2021లో ఒలాంజపిన్‌ను, దానివల్ల పెరిగే బరువును తగ్గించే సామిడార్ఫాన్‌తో కలిపిన మాత్రకు అనుమతి ఇచ్చారు. అక్కడ ఉన్న మనవారు దాని గురించి అడగవచ్చు. బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌లు అవసరమైతే మామూలుగానే వాడాలి, మానసిక జబ్బు అందుకు అడ్డం కాదు. ఇంటర్నెట్‌లో అమ్మే కొవ్వు కరిగించే పొడులను మాత్రం దగ్గరికి రానీయవద్దు. వాటిలో ఉత్తేజకాలు ఉంటే భ్రమలు, అనుమానాలు తిరిగి మొదలవుతాయి.

ఎనిమిదో అంచె: ఆగకూడని సందర్భాలు

అదేపనిగా దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు హఠాత్తుగా తగ్గడం కనిపిస్తే ఆ రోజే షుగర్ చూడాలి. వీటికి వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసపు ఊపిరి, మగత తోడైతే అది కీటోఅసిడోసిస్ (షుగర్ అదుపు తప్పి రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం) కావచ్చు. ఇంతకుముందు షుగర్ లేనివారిలో కూడా క్లోజపిన్, ఒలాంజపిన్‌లతో ఇది వచ్చిన దాఖలాలున్నాయి, కాబట్టి అర్ధరాత్రయినా పెద్దాస్పత్రికే వెళ్లాలి. మగతను మందు మత్తని, మూత్రాన్ని మతిస్థిమితం లేకపోవడమని అనుకోవడం వల్లే ఆలస్యమవుతుంది. వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి క్లోమం వాపుకు గుర్తు. క్లోజపిన్ వాడేవారిలో నాలుగైదు రోజులు విరేచనం కాకపోయినా, మొదటి నెలలో ఛాతీనొప్పి, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకూడదు. ఇవి బరువుకు సంబంధించినవి కాకపోయినా ప్రాణాంతకమే.

తొమ్మిదో అంచె: ఇద్దరు వైద్యుల మధ్య జారిపోకుండా

మానసిక వైద్యుడు షుగర్ సంగతి ఫిజీషియన్ చూస్తాడనుకుంటాడు, ఫిజీషియన్ మానసిక మందుల చీటీ చూసి వెనక్కి పంపిస్తాడు. ఈ మధ్యలో ఏళ్లు గడిచిపోతాయి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచిత స్క్రీనింగ్ ముప్పై ఏళ్లు దాటినవారిని దృష్టిలో పెట్టుకుని నడుస్తోంది; కానీ ఈ మందులు మొదలయ్యేది ఎక్కువగా ఇరవైల్లో, కొందరికి పదిహేడు పద్దెనిమిదిలో. చిన్న వయసువారిలోనే ఈ దుష్ఫలితాలు మరింత తీవ్రం. వయసు చూసి అక్కర్లేదంటే మందు చీటీ చూపించి అడగండి. తెలంగాణలో బస్తీ దవాఖానాలు, ప్రాథమిక కేంద్రాల ద్వారా ప్రభుత్వ డయాగ్నొస్టిక్ కేంద్రాలకు నమూనాలు పంపి ఈ రక్తపరీక్షలను ఉచితంగా చేస్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలల నుంచి దూరపు ఊళ్లకు తిరిగి వెళ్లేవారు, మందులు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ద్వారా తీసుకుంటూ, పరీక్షలను దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో చేయించుకునేలా డిశ్చార్జి రోజునే రాయించుకోవాలి. ఎవరిని అడగాలో తోచనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక రోగులతో సమానంగా వైద్యం పొందే హక్కును, తమ వైద్య రికార్డులు చూసుకునే హక్కును ఇచ్చింది. పన్నెండు వారాలు సాఫీగా గడిస్తే ఆ తర్వాత మూడు నెలలకోసారి బరువు, నడుము, ఏడాదికోసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి. మందు మారినప్పుడల్లా పన్నెండు వారాల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఆస్పత్రి మారేటప్పుడు డిశ్చార్జి కాగితంతో పాటు మందు మొదలుపెట్టిననాటి బరువు, రక్తపరీక్షల నకళ్లు అడిగి తీసుకుని ఆ నోటుపుస్తకంలోనే అంటించండి.